జీవోలో పెరిగిన కూలి చేతిదాకా వస్తుందా?

హన్మకొండలో గానీ వరంగల్‌లో గానీ పొద్దున ఏడింటికి కూలీల అడ్డా దగ్గర కాసేపు నిలబడితే ఒక బేరం వినపడుతుంది. మేస్త్రీ బైకు దిగకుండానే ఒక కాలు నేలకు ఆనించి "ఇద్దరు కావాలె, స్లాబు పని" అంటాడు, రేటు చెప్తాడు. టిఫిన్ బాక్సు సంచి భుజానికి తగిలించుకున్న మనిషి ముందు పక్కవాళ్ల మొహాలు చూస్తాడు. ఎవరూ కదలడం లేదని తేలాక "ఆ పైసలకు రాను" అంటాడు. మేస్త్రీ యాభై పెంచుతాడు, లేదంటే బండి ముందుకు పోనిస్తాడు. ఈ బేరంలో జీవో నంబరు ఎవరి నోటా రాదు. భవన నిర్మాణ పనికి ప్రభుత్వం కనీస వేతనం ఖరారు చేసి ఉంటుందన్న సంగతి ఇద్దరికీ పట్టదు. అయినా ఊళ్లలో నాట్లు జోరుగా సాగి అడ్డా మీద మనుషులు పల్చబడితే రేటు లేస్తుంది. పనులు లేని రోజుల్లో అదే మనిషి పది గంటలకు, పొద్దున కాదన్న రేటుకే బండి ఎక్కుతాడు.

కనీస వేతనం పెంచితే తక్కువ జీతగాళ్లకు నిజంగా మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. కూలి పెరిగితే కూలీ బాగుపడక ఎవరు బాగుపడతారన్నది యూనియన్ల మాట. రేటు పెంచితే మనుషుల్ని తగ్గించుకుంటాం, చివరికి నష్టపోయేది వాళ్లే అన్నది యజమానుల మాట. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ జీవోలో రాసిన రేటు చేతికి అందుతుందన్న నమ్మకం మీదే రెండు వాదనలూ నడుస్తాయి. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టేవాళ్లను, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాళ్లను, పరకాల వైపు పత్తి ఏరేవాళ్లను, బట్టల షాపుల్లో పొద్దంతా నిలబడేవాళ్లను అడిగితే ఆ నమ్మకం ఎంత పల్చనిదో తెలుస్తుంది.

ఆర్థికశాస్త్రంలో చాలాకాలం యజమానుల మాటే చెల్లింది. ధర పెరిగితే టమాటాలు తక్కువ కొంటాం, కూలి పెరిగినా అంతేనన్నది వాదన. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లున్న కనీస వేతనాన్ని 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సరిహద్దుకు రెండు వైపులా ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో పెంపుకు ముందూ తర్వాతా పనివాళ్ల లెక్క తీశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదని 1994లో ప్రకటించారు. ఆ లెక్క తప్పని డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ వాదించారు. ఆ గొడవ పూర్తిగా తెగలేదు గానీ, కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. జర్మనీ 2015 జనవరిలో గంటకు 8.50 యూరోలతో దేశమంతటికీ కనీస వేతనం పెట్టినప్పుడు లక్షల ఉద్యోగాలు ఊడతాయన్నారు, ఊడలేదు. సియాటెల్ నగరంలో మాత్రం రేటు 13 డాలర్లకు చేరేసరికి తక్కువ జీతగాళ్ల పని గంటలు తగ్గాయని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో తేల్చారు. ఓ మోస్తరు పెంపుతో కొంప మునగదని, మరీ లాగితే ఎక్కడో ఒకచోట తెగుతుందని ఈ గొడవంతటి నుంచి తీసుకోవచ్చు.

అయితే అవన్నీ జీతం బ్యాంకులో పడే దేశాల సంగతులు. మన దగ్గరి పరిస్థితికి సరిపోయే ఆధారం కోసం న్యూజెర్సీ దాకా పోనక్కర్లేదు, ఆదిలాబాద్ చాలు.

2010, 2012 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి చెల్లించడానికి వేలిముద్ర స్మార్ట్‌కార్డులు తెచ్చారు. ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు ఇవ్వాలి, దేనికి తర్వాత ఇవ్వాలి అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఆ ఎనిమిదింటిలో తెలంగాణ నుంచి ఆదిలాబాద్, ఖమ్మం, నల్లగొండ ఉన్నాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ముందు కార్డులు వచ్చిన మండలాలను, ఇంకా రాని మండలాలతో పోల్చి చూశారు. కార్డులు వచ్చినచోట కూలి డబ్బు మధ్యలో కారిపోకుండా, ఆలస్యం తగ్గి అందింది. లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. అసలు విశేషం తర్వాతి లెక్కలో ఉంది. ఆ పెరిగిన సంపాదనలో 86 శాతం ఉపాధి హామీ డబ్బు కానే కాదు. బయట ప్రైవేటు పనుల్లో కూలి రేటూ పని దినాలూ పెరగడం వల్ల వచ్చింది.

ఇక్కడ ఎవరూ కనీస వేతనం పెంచలేదన్నది గమనించాలి. చట్టంలో ఉన్న కూలిని సరిగ్గా ఇచ్చారంతే. దాంతో ఊళ్లో కూలీకి వెనక ఒక ఆసరా దొరికింది. రైతు దగ్గరికి పోకపోయినా మట్టిపని ఉంది, డబ్బు వస్తుంది అన్న ధీమాతో "ఆ పైసలకు రాను" అనగలిగాడు. హన్మకొండ అడ్డా మీద నాట్ల కాలంలో వినపడే మాటే అది.

మరి కూలి పెరిగితే పని తగ్గాలి కదా, పెరగడమేంటి? చిన్న లెక్క చూద్దాం. ఊళ్లో భూమి ఎక్కువగా ఒకాయన చేతిలోనే ఉందనుకుందాం. ఆయన రోజుకు 300 చొప్పున పది మందిని పిలుస్తున్నాడు, ఖర్చు 3,000. పదకొండో మనిషి 350 అయితేనే వస్తానంటాడు. ఒకరికి 350 ఇస్తే మిగతా పది మందీ ఊరుకోరు, అందరికీ 350 ఇవ్వాల్సిందే. అప్పుడు ఖర్చు 3,850. అంటే ఆ ఒక్క మనిషి ఆయనకు 850 పడ్డాడు. దానికంటే పది మందితోనే నెట్టుకొచ్చి, కొంత పని వదిలేయడం మేలనుకుంటాడు. ఇప్పుడు ఎలాగైనా సరే అందరికీ 350 తప్పదని తేలిపోయిందనుకోండి. పదకొండో మనిషికి అయ్యేది 350 మాత్రమే. అతన్ని వద్దనుకోవడానికి కారణం పోయింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలోనే పని ఎక్కువగా పెరిగిందని ఆ పరిశోధనలో తేలడం ఈ లెక్కకు అతికినట్టు సరిపోతుంది.

కాకపోతే ఆ లెక్క అన్ని ఊళ్లకూ పనికిరాదు. నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి వేసిన రైతు దగ్గర అంత పట్టు ఉండదు. ఆయన పక్క చేను రైతుతో పోటీపడి కూలీలను ఆటోలో తెచ్చుకుంటాడు. పత్తి ధర ఆయన చేతిలో లేదు. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ ఎక్కువుందంటే ఏనుమాముల మార్కెట్లో అదీ రాదు. ఏరుడు కూలి పెరిగితే ఆ భారం ఇంకెవరి మీదికో తోసే దారి ఆయనకు లేదు. అలాంటిచోట జరిగేది ఏంటో కళ్లముందే ఉంది. వరి కోతకు హార్వెస్టర్ వచ్చింది, కలుపుకు మందు వచ్చింది. కొడవలి పట్టిన, కలుపు తీసిన చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. ఆ పని పోయాక వాళ్లకు మిగిలింది పత్తి ఏరుడు, మిర్చి ఏరుడు. అదీ కిలోల లెక్క, గుత్త లెక్క. యంత్రం రావడానికి కనీస వేతనం జీవో కారణం కాదు. మనుషులు దొరక్కపోవడం, కోత రోజుల్లో వాన టెన్షన్, పెరిగిన మార్కెట్ కూలి, అన్నీ కలిశాయి. కానీ కూలి పెరిగితే ఎవరి పనీ పోదనే యూనియన్ నాయకుడు ఒకసారి వరి పొలం వైపు చూస్తే మంచిది.

బీడీ దగ్గరికొస్తే చిక్కు ఇంకో రకం. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో ఏ వాడకు పోయినా మధ్యాహ్నం పూట గడపలో ఇదే దృశ్యం. ఒళ్లో చాట, చాటలో తడిపి కొలతకు కత్తిరించిన తునికాకు, ఓ పక్క తంబాకు, వేళ్ల మధ్య దారం. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. కూలి వెయ్యి లెక్కన. ఎనిమిది గంటల పనికి ఇంత అన్న మాట ఇక్కడ అతకదు. పొయ్యి మీద కూరకూ ఒళ్లో చాటకూ మధ్య గడిచిన గంటలను లెక్కపెట్టేవాళ్లెవరు?

వెయ్యికి రేటు పెరిగిందనుకుందాం. కంపెనీ ఇచ్చే ఆకు తూకం ప్రకారమే ఉంటుంది, కానీ అందులో చిరిగినవీ పుచ్చినవీ తీసేస్తే వెయ్యి బీడీలకు సరిపోదు. తక్కువ పడిన ఆకు సొంత డబ్బుతో కొనుక్కోవాలి, లేదా ఇంకొకామె దగ్గర అప్పు తేవాలి. కట్టలు అప్పజెప్పేచోట కొన్ని నాసిరకమని పక్కన పెడతారు. వాటికి కూలి రాదు. రేటు పెరిగిన నెలలో ఏరివేత కొంచెం ఎక్కువైతే అది పెంపు వల్లేనని ఎవరూ నిరూపించలేరు. ఇవి చిన్న కోతలు. పెద్దది పని దినాల కోత.

గుండ్రని అంకెలతో చూస్తే తేలిక. ఒకామె రోజుకు 800 బీడీలు చేస్తుంది. నెలకు పదిహేను రోజులు పని దొరుకుతుంది. మొత్తం 12,000 బీడీలు. వెయ్యికి 200 అయితే నెలకు 2,400 రూపాయలు. రేటు 220 చేశారు. పని అలాగే ఉంటే 2,640 రావాలి. కానీ కంపెనీ పదిహేను రోజుల పనిని పదమూడు రోజులు చేసింది. 10,400 బీడీలకు వచ్చేది 2,288. రేటు పది శాతం పెరిగింది, చేతికి పాతదాని కంటే 112 తక్కువ వచ్చింది. పేపర్లో మాత్రం కూలి పెరిగిందనే వస్తుంది. పీఎఫ్ నంబరు ఉండి, అర్హతలు కుదిరిన బీడీ కార్మికురాలికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పింఛను నెలకు 2,016 రూపాయలు. దాన్ని ఆ 2,288 పక్కన పెట్టి చూడాలి. ఆకు తక్కువైందని, రోజులు తగ్గాయని పింఛనులో కోత పడదు. చాలా ఇళ్లలో జీవో కంటే ఆ పింఛనే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

కంపెనీల వాదన కూడా పూర్తిగా కొట్టిపారేసేది కాదు. 2016 ఏప్రిల్ నుంచి కట్ట మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మలు వచ్చాయి. 2017లో బీడీ మీద 28 శాతం జీఎస్టీ పడింది. మొత్తం మీద గిరాకీ తగ్గుతున్న సరుకు ఇది. పని తగ్గడానికి నిందంతా కూలి రేటు మీద వేయడానికి లేదు, రేటు పెంచి పనిని నిలబెట్టడమూ కుదరదు.

రేటుతో పాటు ఇంకేమీ కదలకపోతే ఏమవుతుందో కేరళ యాభై ఏళ్ల కిందటే చూసింది. బీడీ కార్మికులకు రక్షణలిస్తూ 1966లో వచ్చిన చట్టాన్ని కేరళ 1968లో అమలుకు పెట్టగానే మంగళూరు కంపెనీలు కన్నూరులో పని ఆపేసి సరిహద్దు దాటాయి. దాదాపు 12,000 మంది వీధిన పడ్డారు. మామూలుగా అయితే యజమానుల జోస్యం నిజమైందని కథ అక్కడితో ముగియాలి. 1969లో ప్రభుత్వ సాయంతో కార్మికులే దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకున్నారు, చట్టం చెప్పిన కూలి ఇస్తూనే దశాబ్దాల పాటు మార్కెట్లో నిలబడ్డారు. బీడీ గిరాకీ పడిపోయాక గొడుగులు, తిండి సరుకుల వైపు మళ్లారు. అక్కడ పని ఇచ్చే చేయి కూడా కార్మికులదే అయింది కాబట్టి ఆకు తూకంలో మోసం చేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నిజామాబాద్ వైపు అలాంటి ప్రయోగం ఆ స్థాయిలో జరగలేదు.

సిరిసిల్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అక్కడ సాంచాలు పెట్టుకున్న ఆసామి, వాటిని నడిపే కార్మికుడు ఇద్దరి బతుకూ ఆర్డరు మీదే. 2017 నుంచి ఏటా సర్కారు పంచే బతుకమ్మ చీరలు కోటి దాకా నేసినప్పుడు సాంచాలు ఆగకుండా నడిచాయి, నేసేవాళ్ల చేతికి నాలుగు డబ్బులొచ్చాయి. 2024లో ఆ ఆర్డరు ఆగింది, సాంచాలూ ఆగాయి. ఆగిన సాంచాకు కనీస వేతనం ఎంతైనా ఒకటే.

ప్రైవేటు వాళ్లను ఇంతగా నిలదీసినప్పుడు సర్కారును వదిలేయడం న్యాయం కాదు. 1957లో పదిహేనో భారత కార్మిక మహాసభ కనీస వేతనం ఎలా లెక్కకట్టాలో చెప్పింది. మనిషికి 2,700 క్యాలరీల తిండి, నలుగురి కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటద్దె, వంటచెరకు, దీపం ఖర్చు. పిల్లల చదువు, వైద్యం లాంటి వాటికి ఇంకో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి లెక్కలతోనే అనూప్ సత్పతి కమిటీ 2019లో దేశవ్యాప్తంగా రోజుకు 375 రూపాయలు ఉండాలంది. అదే ఏడాది కేంద్రం ప్రకటించిన జాతీయ కనీస స్థాయి 178 రూపాయలు. అంతకు ముందున్నది 176. పెంపు రెండు రూపాయలు, చాయ్ కూడా రాదు. తెలంగాణలో ఉపాధి హామీ కూలి 2025-26కు 307. ఈ కూలి కనీస వేతనాల చట్టంతో సంబంధం లేకుండా నిర్ణయించుకునే వీలు ఉపాధి హామీ చట్టంలోనే రాసిపెట్టారు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకిచ్చేది అసలు వేతనమే కాదట, గౌరవ వేతనం. కేంద్రం 2009లో నెలకు 1,000 అని లెక్కేసి అక్కడే ఆగిపోయింది, రాష్ట్రాలు పైన కొంత కలుపుతున్నాయి. పొద్దున కట్టెలు రాజేసి వంద మందికి వండే పనికి గౌరవం అనే పేరు పెడితే చట్టం వర్తించదు.

కరువు పనుల్లో రాజస్థాన్ ప్రభుత్వం కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చినప్పుడు 1983లో సుప్రీంకోర్టు, అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. దాన్ని ఇక్కడి భాషలో వెట్టి అంటారు. వెట్టి అంటే ఏమిటో ఈ జిల్లాలకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు.

రేట్లు సవరించే తీరు కూడా అలాగే ఉంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం ప్రకారం ఐదేళ్లు దాటకుండా సవరించాల్సి ఉండేది. ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో ధరల సూచీని బట్టి వీడీఏ అనే కరువు భత్యం కలుస్తుంది కాబట్టి అంకె మొత్తానికి గడ్డకట్టదు గానీ, మూల వేతనం ఏళ్ల తరబడి పాతదే ఉండిపోతుంది. 2021 జూన్‌లో ఐదు రంగాలకు తెలంగాణ ప్రభుత్వం కొత్త రేట్ల జీవోలిచ్చింది. అవి గెజిట్‌లో అచ్చు కాలేదు. అచ్చు కాకపోతే అమలు లేదు. చివరికి ఆ సంగతి హైకోర్టు దాకా పోయింది. కార్మికుల పక్షాన ఎంతో పోరాడి సాధించిన పెంపు ఒక ప్రింటింగ్ ప్రెస్ గుమ్మం దగ్గర ఆగిపోవచ్చని అంతకు ముందు చాలామంది ఊహించి ఉండరు.

2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం స్థానంలో వేతనాల కోడ్ వచ్చింది. ఇందులో నిజంగా పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ఇదివరకు షెడ్యూల్‌లో ఉన్న పనులకే కనీస వేతనం, ఇప్పుడు అన్ని రకాల పనులకూ. తక్కువ ఇచ్చారని క్లెయిమ్ వేయడానికి ఇదివరకు ఆరు నెలల గడువు, ఇప్పుడు మూడేళ్లు. పాత చట్టంలో జరిమానా 500 రూపాయల దాకా, జైలు ఆరు నెలల దాకా. కొత్తదాంట్లో మొదటి తప్పుకు జరిమానా 50,000 దాకా, జైలు లేదు. ఇన్‌స్పెక్టర్ పేరు పక్కన ఫెసిలిటేటర్ అని కూడా తగిలించారు, అంటే ఆయన పట్టుకోవడంతో పాటు సలహాలు కూడా ఇస్తాడన్నమాట. పట్టుకునే వంతు ఎప్పుడొస్తుందో చూడాలి.

కాబట్టి రేటు పెంచాలా వద్దా అంటే పెంచాలి, అందులో అనుమానం లేదు. 178 లాంటి అంకె ఉన్న దేశంలో కూలి మరీ పెరిగిపోతోందని భయపడటం తొందరపాటు. కానీ పెంచిన ప్రతిసారీ పక్కనే ఇంకో ప్రశ్న అడగాలి. ఈ రేటు ఇవ్వకపోతే "రాను" అనడానికి ఆ మనిషి దగ్గర ఏముంది? కార్డులు వచ్చిన ఆదిలాబాద్ మండలాల్లో సమయానికి వచ్చే ఉపాధి కూలి ఉండేది. కన్నూరులో సొంత సంఘం ఉంది. ఉపాధి హామీ డబ్బు నెలల తరబడి ఆపితే, ఎక్కడో ఏ మిర్చి తోటలోనో కూలి బేరం బలహీనపడుతుంది. ఈ రెండూ వేర్వేరు శాఖల ఫైళ్లలో ఉంటాయి కాబట్టి ఎవరూ కలిపి చూడరు. బీడీకైతే వెయ్యికి ఎంత అన్నదాని కంటే నెలకు ఎన్ని వేలు చేయడానికి ఆకు ఇస్తారు అన్నదే ముందు రాయించుకోవాలి.

జీతం నగదుగా కాకుండా బ్యాంకులో పడితే మోసం ఆగుతుందని చాలామంది అనుకున్నారు. ఊళ్లలో కూలి డబ్బు విషయంలో అది కొంతవరకు నిజమే. పట్నం షాపుల్లో దానికీ విరుగుడు దొరికింది. కొన్నిచోట్ల నెల మొదట్లో సేల్స్ గర్ల్ ఖాతాలో చట్టం చెప్పిన జీతం మొత్తం పడుతుంది. మర్నాడు ఆమె ఏటీఎం నుంచి మూడు నాలుగు వేలు తీసి, మడిచి, షాపు మూసే వేళ కౌంటర్ దగ్గర ఇచ్చేస్తుంది. రసీదు ఉండదు, ఒప్పుకున్న జీతం ఇంతేనని చేరిన రోజే చెప్పి ఉంటారు. కొత్త కోడ్ ఇచ్చిన మూడేళ్ల గడువులో ఆమె ఎప్పుడైనా క్లెయిమ్ వేద్దామనుకుంటే, చూపించగలిగే కాగితం ఆమె దగ్గర ఒక్కటే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్. అందులో ప్రతి నెలా జీతం పూర్తిగా పడినట్టే ఉంటుంది.